వెల్‌నెస్ కోచ్‌ని ఎంచుకునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "నేను చేయలేకపోతే ఏంటి?"

బరువు తగ్గాలి, నిద్ర బాగా పట్టాలి, టెన్షన్ తగ్గాలి, అందుకోసం వెల్‌నెస్ కోచ్‌ని పెట్టుకుందామనుకుంటున్నాను, కానీ ఎవరిని చూసినా ఒకేలా మాట్లాడుతున్నారు, నాకు సరిపోయేవాళ్లు ఎవరో ఎలా తెలుస్తుంది అని మీరు అడిగారు. నేను ఇద్దరు కోచ్‌ల దగ్గర చేశాను. ఒకరి దగ్గర పదకొండు వారాలు, ఇంకొకరి దగ్గర దాదాపు ఏడాది. మొదటిసారి ఎంచుకోవడంలోనే తప్పు చేశాను కాబట్టి ముందు అదే చెప్తాను.

మొదటాయన్ని ఫొటోలు చూసి ఎంచుకున్నాను. ముందు ఎలా ఉండేవారు, తర్వాత ఎలా అయ్యారు, ఆ రెండు ఫొటోలు. తన ఒంటి గురించి ఆయనకు బాగా తెలుసు, అందులో అనుమానం లేదు. నా సంగతి అడగాలని మాత్రం తోచలేదు. మొదటి కాల్ నలభై నిమిషాలైతే ముప్పై అయిదు నిమిషాలు ఆయనే మాట్లాడారు. అబ్బ, ఎంత తెలుసో ఈయనకు అనుకున్నాను. ఇప్పుడు అదే జరిగితే కాల్ మధ్యలోనే అర్థమైపోయేది.

ఆయన దగ్గర ప్రతి ఆదివారం రాత్రి ఒక ఫారం నింపాలి. ఏడు రోజులు, రోజుకు అయిదు గళ్లు. చేస్తే ఆకుపచ్చ, చేయకపోతే ఎరుపు. ఆరో వారం అనుకుంటా, ఆఫీసు పని నెత్తి మీద పడి నాలుగు రోజులు ఏమీ చేయలేదు. రాత్రి పదకొండింటికి మంచం మీద కూర్చుని ఆ గళ్లు చూస్తున్నాను. మంగళవారానికి ఎరుపు పెట్టాను. తీసేసి ఆకుపచ్చ పెట్టాను. తర్వాత బుధవారం కూడా. పంపిన రెండు నిమిషాలకే అటునుంచి బొటనవేలి బొమ్మ, "సూపర్" అని మెసేజ్. డబ్బులిచ్చి పెట్టుకున్న మనిషికి నేనే అబద్ధం చెప్తున్నాను! ఎందుకంటే, అంతకుముందు ఒకసారి నిజం రాస్తే గ్రూపులో అందరి ముందూ "మీకు కమిట్‌మెంట్ లేదు" అన్నారు. ఆ మాట పడటం కన్నా గడి రంగు మార్చడం తేలిక.

అందుకే ఎవరితో మాట్లాడినా మొదటి కాల్‌లోనే ఇది అడగమంటాను: "ఒక వారం నేను అస్సలు ఏమీ చేయలేకపోతే మీరేం చేస్తారు?" సర్టిఫికెట్ల గురించి, ఫలితాల గురించి అందరూ జవాబులు సిద్ధం చేసుకునే ఉంటారు. దీనికి మాత్రం కొందరు నీళ్లు నములుతారు. కొందరు "అలా జరగనివ్వను" అంటారు, వినడానికి ధైర్యంగానే ఉంటుంది గానీ నాకైతే అది ప్రమాద ఘంటికే. రెండో ఆవిడ్ని ఇదే అడిగితే, "అలాంటి వారాలు కచ్చితంగా వస్తాయి. ఆ వారం ఏం జరిగిందో చూస్తే ప్లాన్‌లో ఎక్కడ తప్పుందో తెలుస్తుంది" అన్నారు. తప్పు నాలో కాదు, ప్లాన్‌లో. ఆ మాటతోనే సగం భారం దిగింది.

మొదటి ప్రోగ్రాం పేరులోనే "21 రోజులు" ఉండేది. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందనే మాట మీరూ వినే ఉంటారు. దాని మూలం చాలావరకు 1960లో మ్యాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన మాట. ఆపరేషన్ అయ్యాక కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందని ఆయన గమనించారు. ఆ "కనీసం" ఎక్కడో జారిపోయింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మంది మీద చేసిన పరిశీలన 2010లో అచ్చయింది. అందులో ఒక అలవాటు కుదురుకోవడానికి పట్టింది సగటున 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదట. ఇది ముందే తెలిసుంటే ఆ రాత్రి గళ్ల రంగు మార్చే పనే ఉండేది కాదు.

ఇక మీ లక్ష్యాల సంగతి. నేనూ అచ్చం మీలాగే "బరువు తగ్గాలి" అని మొదలుపెట్టాను. రెండో ఆవిడ మొదటి కాల్‌లో బరువు ఊసే ఎత్తలేదు. "బరువు తగ్గితే మీ రోజులో ఏం మారుతుంది?" అని అడిగారు. మధ్యాహ్నం మూడింటికి కుర్చీలో కూలబడిపోకుండా ఉంటాను అన్నాను. నోట్లోంచి వచ్చాక గానీ నాకే తెలియలేదు, నా బాధ బరువు కాదు, అలసట అని. తర్వాత ఇంకో ప్రశ్న: "ఈ ఆరు నెలల్లో బాగా నిద్రపోయిన వారం ఒక్కటైనా ఉందా? అప్పుడు ఏం వేరుగా ఉంది?" ఏమీ లేదు అనబోయాను. ఆవిడ తొందరపెట్టకుండా ఊరుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది. మంచం పక్కన ఉండే ఛార్జర్ పాడైపోయి ఒక వారం ఫోన్‌ని హాల్లో పెట్టి పడుకున్నాను. ఆ వారం హాయిగా నిద్రపట్టింది. మా మొదటి ప్లాన్ మొత్తం అదే: ఛార్జర్ హాల్లో ఉంటుంది. అంతకు మించి ఒక్క ముక్క లేదు. ఇంత చిన్నదానికి కోచ్ కావాలా అని మా ఇంట్లో నవ్వారు కూడా.

ఇలా జవాబు మన నోటితోనే రప్పించే పద్ధతికి మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అని పేరు. విలియం మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1983లో మద్యం అలవాటున్నవాళ్లతో చేసిన పని గురించి రాస్తూ మొదలుపెట్టారు, తర్వాత స్టీఫెన్ రోల్‌నిక్‌తో కలిసి దాన్ని విస్తరించారు. మీరు మాట్లాడే కోచ్‌కి ఆ పేరు తెలిసినా తెలియకపోయినా, ఆ తీరు ఉందో లేదో ఇట్టే తెలిసిపోతుంది. కాల్ అయ్యాక, ఎవరెక్కువ మాట్లాడారు అని ఒకసారి గుర్తు చేసుకోండి.

అదే కాల్ చివర్లో ఆవిడ, "ఈ అలసట ఎన్నాళ్లుగా ఉంది? డాక్టర్‌కి చూపించారా?" అని అడిగారు. చూపించలేదు. రక్త పరీక్ష రిపోర్టు వచ్చాకే మొదలుపెడదాం అన్నారు. హిమోగ్లోబిన్ బాగా తక్కువుందని తేలింది, డాక్టర్ మందులు రాశారు. మొదటాయన పదకొండు వారాలు కమిట్‌మెంట్ లేదన్నది దీన్నే! ఆయన డాక్టర్ కాదు, కనిపెట్టలేకపోవడం తప్పు కాదు. "ఒకసారి పరీక్ష చేయించుకోండి" అనకపోవడమే తప్పు.

కోచ్ అన్నవాళ్లు రోగం తేల్చకూడదు, మందులు రాయకూడదు, వేసుకుంటున్న మందులు ఆపమని అసలు చెప్పకూడదు. షుగర్, కిడ్నీ లాంటి సమస్యలుంటే తిండి ప్లాన్ డైటీషియన్ పని. దిగులు కమ్మేసి రోజు గడవడమే కష్టంగా ఉంటే సైకాలజిస్టు దగ్గరికో సైకియాట్రిస్టు దగ్గరికో వెళ్లాలి. నెలల తరబడి నిద్ర పట్టకపోతే దానికి సీబీటీ-ఐ అని, నిద్ర చుట్టూ ఉన్న ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే ప్రత్యేకమైన థెరపీ ఉంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ అనే డాక్టర్ల సంఘం 2016లోనే నిద్రమాత్రల కన్నా ముందు దాన్ని ప్రయత్నించమని సూచించింది. ఏం చేయాలో తెలుసు, ఎలా చేయాలో కూడా తెలుసు, అయినా చేయలేకపోతున్నాం అన్న చోట కోచ్ ఉపయోగపడతారు. వ్యాయామం ఎలా చేయాలో తెలియకపోతే మంచి ట్రైనర్ చాలు, కోచ్ ఖర్చు దండగ.

సర్టిఫికెట్ల విషయం. చాలా దేశాల్లో వెల్‌నెస్ కోచ్ అని పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, రేపు పొద్దున నేనూ పెట్టుకోవచ్చు. కాస్త నమ్మదగ్గ గుర్తులు లేకపోలేదు. కోచ్‌లకు సర్టిఫికెట్లిచ్చే ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ వాళ్ల మొదటి మెట్టు ఏసీసీకి కనీసం 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి, ఆ పై మెట్టు పీసీసీకి 500, అన్నిటికన్నా పైనున్న ఎంసీసీకి 2,500. ఆరోగ్యానికే ప్రత్యేకం అంటే అమెరికాలో ఎన్‌బీహెచ్‌డబ్ల్యూసీ అనే బోర్డు పరీక్ష పెడుతుంది. ఇవి ఉంటే మంచిదే. కానీ నేను చూసిన ఇద్దరిలో గోడ నిండా సర్టిఫికెట్లున్నది మొదటాయనకే.

ఇంకొన్ని త్వరత్వరగా. పౌడర్లు, మాత్రలు వాళ్లే అమ్ముతుంటే జాగ్రత్త, అవి అవసరం లేదని వాళ్లెప్పుడూ చెప్పరు. నెలకు పది కిలోలు గ్యారంటీ అంటే దండం పెట్టి వచ్చేయండి. మామూలుగా డాక్టర్లు చెప్పేది వారానికి అర కిలో నుంచి కిలో. మీ ఫొటోలు, మీ వివరాలు ఎక్కడా పెట్టనని రాతపూర్వకంగా అడగండి. ఆరు నెలల డబ్బు ఒకేసారి కట్టకండి, డిస్కౌంట్ ఎంత ఊరించినా సరే. మూడు నాలుగు సెషన్లు చూసి చెప్తానంటే ఒప్పుకోని కోచ్ గురించి ఇంకేం తెలుసుకోవాలి?

మొహమాటం ఒకటి ఉంటుంది మనకు. మనిషి మంచివాడే, కష్టపడుతున్నాడు, మానేస్తే ఏమనుకుంటాడో అని. ఆ గళ్ల రంగు మార్చిన రాత్రి తర్వాత కూడా మొదటాయన దగ్గర ఇంకో అయిదు వారాలు నేను సాగదీసింది దానివల్లే. చివరికి మానేస్తున్నానని మెసేజ్ పెడితే "ఓకే, ఆల్ ది బెస్ట్" అని ఒక్క లైన్ వచ్చింది.

మీరు చెప్పిన మూడింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను నిద్రతో మొదలుపెట్టమంటాను. నిద్ర చాలకపోతే ఆకలి, చిరాకు రెండూ పెరుగుతాయి, మిగతా రెండూ దానికి ముడిపడే ఉన్నాయి. కోచ్‌తో మాట్లాడే ముందు ఒక వారం పాటు ఎన్నింటికి పడుకున్నారో, ఎన్నింటికి లేచారో, ఆ రోజు ఒంట్లో ఎలా ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. రంగులేం వద్దు. మొదటి కాల్‌లో ఆ కాగితం చదివి వినిపించండి. విని ప్రశ్న వేసినవాళ్లతో ఇంకో సెషన్ పెట్టుకోండి.