చందాకు హద్దు: మేనకోడలికి మామయ్య లేఖ

అమ్మడూ, ఆశీస్సులు.

నువ్వు 2029 శాసనసభ ఎన్నికల్లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడబోతున్నావనీ, ఎవరి దగ్గరా ఐదు వేల రూపాయలకు మించి చందా పుచ్చుకోనని ఇప్పటినుంచే చెబుతున్నావనీ మీ అమ్మ ఫోను చేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొంత గర్వం, కొంత మీ అమ్మ పేర ఉన్న ఆ ఎకరం ఏమవుతుందోనన్న బెంగ.

చట్టం సంగతులు నీకు తెలిసినవే. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందే విడిగా బ్యాంకు ఖాతా తెరువు. ఒకరి నుంచి పదివేలు దాటి నగదు ముట్టుకోకు. ఫలితం వెలువడిన 30 రోజుల్లోగా జిల్లా ఎన్నికల అధికారికి లెక్క అప్పగించకపోతే మూడేళ్ల అనర్హత పడవచ్చు. ప్రస్తుతం మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల పరిమితి ఉంది గానీ, ఒక మనిషి అభ్యర్థికి ఇంతకు మించి ఇవ్వరాదన్న హద్దు లేదు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, పేరు బయటపడకుండా పార్టీలకు చందాలిచ్చే ఎన్నికల బాండ్లను కొట్టివేసినప్పుడు ఇదీ మారుతుందని ఆశపడిన అమాయకుల్లో నేనూ ఒకణ్ని. నీ హద్దుకు నువ్వే కాపలా.

1989 ఎన్నికల్లో నా స్నేహితుడికి నేను ఏజెంటుగా ఉన్నాను. అతనూ నీలాగే, మనిషికి వంద రూపాయలని గిరి గీసుకున్నాడు. పోలింగు ఎనిమిది రోజులుందనగా, జీపుల బాడుగకు డబ్బు చాలక నేను తల పట్టుకుని కూర్చున్న రాత్రి, చెరువు గట్టు పనులు చేసే కాంట్రాక్టరు తువ్వాలులో చుట్టిన పదివేలు తెచ్చి నా ముందు పెట్టి, వంద పేర్లు రాసుకుంటే సరిపోతుందన్నాడు. తన కూలీల పేర్లన్నీ తనే చెప్పాడు. తెల్లవార్లూ కూర్చుని వాటిని చందాల పుస్తకంలో ఎక్కించింది ఈ చెయ్యే. స్నేహితుడికి చెప్పలేదు. ఎలాగూ ఓడిపోయాం. మరుసటి వానాకాలం గట్టు తెగి పొలాలు మునిగితే, అతను కలెక్టరుకు అర్జీ ఇవ్వడానికి బయలుదేరిన రోజున ఆ కాంట్రాక్టరు ఎదురొచ్చి, "నా డబ్బుతో జీపులో తిరిగి నా మీదే అర్జీ పెడతావా" అన్నాడు, పదిమంది వింటుండగా. అతను కాంట్రాక్టరును ఏమీ అనలేదు. నావైపు తిరిగి చూశాడు. ఆ వారమే పాడి గేదెల్ని అమ్మి, అప్పు చేసి పదివేలూ తిరిగిచ్చి, ఆ తర్వాతే అర్జీ ఇచ్చాడు. రెండేళ్లు నాతో మాట్లాడలేదు.

ఐదు వేలా, రెండు వేలా అన్నది నీ ఇష్టం. ఒక మనిషి అంటే ఎవరో మాత్రం ముందే తేల్చుకో. యజమాని, అతని డ్రైవరు, అల్లుడు తలా ఐదు వేలు తెస్తే అవి ముగ్గురివా, ఒక్కడివా అని అడుగు. ఎవరి డబ్బు వారి ఖాతా నుంచే రానియ్యి. ఊరికే ఇచ్చామంటూ వేసే షామియానా, పెట్టే భోజనాలు, పంపే కారు కూడా చందాలే, బజారు ధర కట్టి రాయి. తెలివైనదానివి, మొండిదానివి, అయినా చివరి పది రోజుల్లో ఆ రెండింటి కంటే డబ్బు లేదన్న భయమే ఎక్కువ పని చేస్తుంది. పుస్తకాన్ని నీ మీద జాలిపడేవాళ్ల చేతిలో పెట్టకు, నా చేతిలో అసలే వద్దు. డబ్బు అయిపోతే జీపు దిగి నడువు తల్లీ, ఎకరం జోలికి పోకు.

నా ఐదు వేలు నా ఖాతా నుంచి వస్తాయి. మీ అత్తయ్య తన పింఛను నుంచి వేరుగా ఐదు వేలు పంపుతానంటోంది; మేమిద్దరం నీ లెక్కలో ఒకరమో, ఇద్దరమో తేల్చి జవాబు రాయి.

మామయ్య