సిటీలో ఇంటి వెనక కోళ్లు పెంచుకోవచ్చా? పెట్టలైతే ఇబ్బంది లేదు, పుంజుతోనే పేచీ

మీ ప్రశ్న చదివాను. నాగోల్‌లో ఇండిపెండెంట్ ఇల్లు కొన్నారు, ఊరి నుంచి వచ్చిన మీ అమ్మగారు ఐదారు కోళ్లు పెంచుతానంటున్నారు, పక్కింటాయనేమో మున్సిపాలిటీ వాళ్లు కేసు పెడతారని భయపెట్టారు. మేం వనస్థలిపురంలో కొన్నేళ్లుగా ఇంటి వెనక కోళ్లు పెంచుతున్నాం. ఇంటి అవసరానికి నాలుగైదు పెట్టలు ఉంచుకోవడం నేరమేమీ కాదండీ. మమ్మల్ని ఇంతవరకు లైసెన్సు అడిగినవాళ్లు లేరు.

సియాటెల్‌లో ఉండే మా బావమరిది వాళ్లకైతే సిటీ రూల్సులో అంతా రాసిపెట్టి ఉంది. ఒక స్థలంలో ఎనిమిది కోళ్ల వరకు పెంచుకోవచ్చు, పుంజు మాత్రం కుదరదు, గూడు పక్కవాళ్ల ఇంటికి పది అడుగుల దూరంలో ఉండాలి. మన దగ్గర వ్యవహారం అలా లెక్కతో నడవదు. చుట్టుపక్కల వాళ్లకు న్యూసెన్స్ అవుతోందా లేదా అన్నదే చూస్తారు. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పబ్లిక్ న్యూసెన్స్‌ను 270వ సెక్షన్ నిర్వచిస్తుంది. 292 కింద దానికి జరిమానా 1,000 రూపాయల వరకు. ఇది పెద్ద విషయం కాదనుకుంటారేమో. ఆపమని ఆర్డర్ ఇచ్చిన తర్వాత కూడా కొనసాగిస్తే మాత్రం 293 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కాబట్టి నోటీసు వస్తే పక్కన పడేయకండి. అయినా ఎవరూ ఫిర్యాదు చేయకుండా అధికారులు పనిగట్టుకుని మీ పెరట్లో గంపలు ఎత్తి చూడరు.

ఫిర్యాదు వస్తే ఏమవుతుందో తెలియాలంటే 2025లో కేరళలోని అడూర్‌లో జరిగింది చూడండి. పక్కింటి పుంజు తెల్లవారుజామున మూడింటికే కూయడం మొదలుపెడుతోంది, నిద్ర ఉండట్లేదని ఒక పెద్దాయన ఆర్డీవో ఆఫీసుకెళ్లారు. రెండు వైపులా విన్నారు, స్థలం చూశారు. కోళ్లు పక్కింటి పైఅంతస్తులో ఉన్నాయి. గూడును 14 రోజుల్లో అక్కడి నుంచి తీసి స్థలంలో దక్షిణం వైపుకు మార్చమని ఆర్డర్ ఇచ్చారు. గమనించారా, కోళ్లే పెంచొద్దని అనలేదు. గూడు ఎక్కడ పెట్టారన్న దగ్గరే వచ్చింది తకరారు.

అందుకే మీ అమ్మగారితో ముందు పుంజు సంగతి తేల్చుకోండి. ఊళ్లో పుంజు లేని ఇల్లు ఉండదు కాబట్టి పెద్దవాళ్లు అది ఉంటేనే పెట్ట గుడ్డు పెడుతుందంటారు. అదేం లేదు. పుంజు లేకపోయినా పెడుతుంది, కాకపోతే ఆ గుడ్లు పొదిగినా పిల్లలు కావు. తినడానికే అయితే పుంజుతో పనేముంది? మా అత్తగారిని ఒప్పించడానికి గుడ్డు తెచ్చి చేతిలో పెట్టాల్సి వచ్చింది, "పుంజు లేని గుడ్డుకు రుచేముంటుంది" అని మూతి ముడుచుకుంటూనే అట్టు వేసుకుని తిన్నారు.

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. పిల్లల్ని కొనేటప్పుడు సాధారణంగా ఆడా మగా కలిపే ఇస్తారు. పది తెచ్చుకుంటే అందులో సగం దాకా పుంజులే తేలొచ్చు. మూడు నాలుగు నెలలకు ఒక్కొక్కటీ గొంతు సవరించుకుంటుంది. మొదట్లో తుప్పు పట్టిన గేటు తీసినట్టు కీచుమంటుంది, మనకు నవ్వొస్తుంది. తర్వాత వీధంతా లేస్తుంది. కూత మొదలవగానే కూరకో, ఊరికో పంపేయాలి. ఆ పని మీవల్ల కాదనుకుంటే పెట్టలని తేలిన ఎదిగిన కోళ్లనే కొనుక్కోండి, ధర కాస్త ఎక్కువైనా తలనొప్పి ఉండదు.

వాసన గురించి అందరూ చెబుతారు, ఎలుకల గురించి చెప్పరు. మా వెనకింటావిడ గోడ మీంచి మొదట అడిగింది పందికొక్కుల గురించే. కోళ్లు తిని వదిలేసిన నూకలు రాత్రంతా నేల మీద ఉంటే అవి ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. అప్పటి నుంచి మేత మూత ఉన్న డ్రమ్ములో ఉంచి, పొద్దున సాయంత్రం కోళ్లు తినేంతే చల్లుతున్నాం, చీకటి పడేలోపు మిగిలింది ఊడ్చేస్తున్నాం. గూట్లో నాలుగు వేళ్ల మందాన వరి ఊక పరిచాం. రెట్ట దాని మీదే పడి ఎండిపోతుంది, తడవకపోతే వాసన రాదు. తడిసిన చోట వెంటనే తీసేసి పొడి ఊక వేస్తాం. తీసిన ఊక మాగిన తర్వాత కరివేపాకు చెట్టుకు వేస్తే ఆకు ఎంత నల్లగా వస్తుందో మీరే చూస్తారు. గూటికి మెష్ కొట్టించేటప్పుడు అడుగున కూడా కొట్టించండి. పిల్లులే కాదు, ముంగిసలు కూడా తిరుగుతుంటాయి.

అద్దె ఇంట్లో ఉండి ఇది చదువుతున్నవాళ్లు ముందు ఓనర్ని అడగండి. అపార్ట్‌మెంట్ టెర్రస్ అందరిదీ, అక్కడ మీ గూడు పెడితే అసోసియేషన్ తీయించేయగలదు. పెంపుడు జంతువుల్ని అసోసియేషన్ ఆపలేదు కదా అని వాట్సాప్‌లో తిప్పే 2015 నాటి యానిమల్ వెల్ఫేర్ బోర్డు మార్గదర్శకాలు కుక్కల గురించి, కోళ్లకు పనికిరావు. గుడ్లు, మాంసం అమ్మడం మొదలుపెడితే అది వ్యాపారం, ట్రేడ్ లైసెన్సు దగ్గరికి వస్తుంది. పందెం పుంజుల్ని మేపే సరదా ఉంటే ఈ సలహా మీకు కాదు. పందెం ఆడించడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం, సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో ఏం జరిగినా సరే.

బర్డ్ ఫ్లూ వస్తే మాత్రం ఇంటి కోళ్లు కదా అని మినహాయింపు ఉండదు. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరిలో వచ్చినప్పుడు చూశాం కదా. వ్యాధి నిర్ధారణ అయిన చోటి నుంచి కిలోమీటరు లోపల పెరటి కోళ్లను కూడా చంపేస్తారు, నష్టపరిహారం ప్రభుత్వం ఇస్తుంది. ఉన్నట్టుండి రెండు మూడు కోళ్లు చచ్చిపోతే వాటిని కోయకుండా పశువుల డాక్టరుకు చెప్పండి. చాలాసార్లు అది కొక్కెర రోగమే (రాణిఖేత్) అవుతుంది. దానికి టీకా ఉంది. కోడిపిల్లలకు మొదటి వారంలో కంట్లో చుక్కగా వేస్తారు, ఎనిమిదో వారం దాటాక ఇంజెక్షన్ చేస్తారు.

కోడిపిల్లల కోసం ఎక్కడెక్కడో తిరగక్కర్లేదు. వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది మన రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థే. గుడ్లే కావాలంటే గ్రామప్రియ తీసుకోండి, ఏడాదిన్నర వయసు వచ్చేలోపు 200 దాకా పెడుతుంది. నాటు పెట్ట ఏడాదంతా పెట్టేది అరవై లోపే. వెళ్లేముందు ఫోన్ చేసి పిల్లలు ఉన్నాయో లేదో, కోళ్లకు వచ్చే మారెక్స్ జబ్బుకు మొదటి రోజే వేసే టీకా వేశారో లేదో అడగండి.