కెనడాలో ఫెడరల్ కోర్టు ఏయే కేసులు చూస్తుంది? స్టడీ పర్మిట్ రాకపోతే ఆ కోర్టుకు వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. కాకపోతే ఆ కోర్టు మీకు పర్మిట్ ఇప్పిస్తుందని మాత్రం అనుకోకండి.

కెనడాలో హత్య కేసులు, విడాకులు, ఆస్తి తగాదాల వంటివి మామూలుగా ప్రావిన్సుల్లోని కోర్టులే చూస్తాయి. ఫెడరల్ కోర్టుకు పార్లమెంటు చట్టం అప్పగించిన విషయాల మీదే అధికారం ఉంటుంది: ఇమిగ్రేషన్, పేటెంట్లు, ట్రేడ్‌మార్కులు, ఓడల వ్యవహారాలు, ఫెడరల్ ప్రభుత్వం మీద వేసే దావాలు. 1971లో ఏర్పడిన ఈ కోర్టు నుంచి 2003లో అప్పీల్ విభాగం వేరే కోర్టుగా విడిపోయింది. ప్రధాన కార్యాలయం ఒట్టావాలో ఉన్నా, విచారణలు దేశంలోని వేరే నగరాల్లోనూ జరుగుతాయి.

ఇక ఇమిగ్రేషన్ సంగతి. ముందు విచారణకు కోర్టు అనుమతి తీసుకోవాలి. కెనడా లోపల తీసుకున్న నిర్ణయమైతే అది తెలిసిన 15 రోజుల్లో, బయట తీసుకున్నదైతే 60 రోజుల్లో దరఖాస్తు వేయాలి. గడువు దాటితే అదనపు సమయం ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం, అందుకే రిజెక్షన్ లెటర్ రాగానే తేదీ చూసుకోండి.

మీకు అర్హత ఉందా లేదా అని జడ్జి మొదటి నుంచి తేల్చరు. ఆఫీసర్ నిర్ణయం సహేతుకంగా ఉందా, ప్రక్రియ న్యాయంగా జరిగిందా అన్నదే చూస్తారు. ఉదాహరణకు మీరు పెట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్లను పట్టించుకోకుండా "డబ్బు చాలదు" అని రాసేస్తే, ఆ నిర్ణయం నిలబడడం కష్టం. గెలిస్తే ఫైలు సాధారణంగా మరో ఆఫీసర్ దగ్గరికి వెళ్తుంది. ఆయన మళ్లీ కాదనొచ్చు కూడా, ఈసారి సరైన కారణాలతో.