సీజన్‌కు ముందు మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి కిశోర్‌కు మీ మామ ఆశీస్సులు.

పండ్ల గుజ్జు ఫ్యాక్టరీలో నిన్ను షిఫ్ట్ ఇన్‌చార్జ్ చేశారని అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. లీన్ పద్ధతి, అంటే టొయోటా కార్ల కంపెనీలో పుట్టిన వృథా తగ్గించే పద్ధతి, మొదలుపెట్టమని మీ మేనేజర్ అన్నాడట, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో మామను అడగమన్నావట. ఫోన్లో తెమిలే సంగతి కాదని ఇట్లా రాస్తున్నా.

ముందు బోర్డులు రాయించే పని పెట్టుకోవద్దు. నేల మీద పసుపు గీతలు, 5ఎస్ (పనిచేసే చోటును సర్ది శుభ్రంగా ఉంచే పద్ధతి) పోస్టర్లు, నినాదాలు, ఇవన్నీ ఆడిట్ వాళ్ళు వచ్చేముందు ఎట్లాగూ పెడతారు. టొయోటాలో ఈ పద్ధతిని తీర్చిదిద్దిన తైచి ఓనో ఇంజనీర్లకు నేర్పిన తీరు వేరు. షాప్ ఫ్లోర్ మీద సుద్దముక్కతో గుండ్రంగా గీసి, అందులో నిలబడి చూడమనేవాడు. గంటల తరబడి. నువ్వూ కాయ ఏరే టేబుల్ పక్కన ఒక పూట అట్లా నిలబడు. మొదటి గంట ఏమీ కనపడదు, నిన్ను చూసి అందరూ జోరుగా పనిచేస్తారు కాబట్టి. ఆ తర్వాత నువ్వున్నావన్న సంగతే మర్చిపోతారు. అప్పుడు చూడు, ఒక్కో క్రేట్‌ను ఎన్నిసార్లు దించుతున్నారో, ఎన్నిసార్లు ఎత్తుతున్నారో.

పుస్తకాల్లో ఏడు రకాల వృథా అని చదివే ఉంటావు. వాటిలో అవసరానికి మించి తయారుచేయడమే అన్నిటికంటే చెడ్డదని ఓనో అభిప్రాయం. ఇక్కడ మాత్రం కాస్త జాగ్రత్తగా ఆలోచించు. కార్లవాళ్ళు అన్న మాట నీ ఫ్యాక్టరీకి అక్షరాలా అతకదు. తోతాపురి మామిడి ఏడాది పొడుగునా రాదు. ఉన్న ఆ కొద్ది వారాల్లోనే గుజ్జు తీసి డ్రమ్ముల్లో నింపుకోవాలి. కాబట్టి గోడౌన్‌లో డ్రమ్ములు పేర్చి ఉన్నాయని ఎవరైనా వేలెత్తి చూపిస్తే నువ్వేం కంగారుపడొద్దు. నీ నష్టం అక్కడ లేదు, గేటుకూ గుజ్జు తీసే యంత్రానికీ మధ్య ఉంది. మాగబెట్టే షెడ్‌లో కాయ మాగేదాకా ఆగడం పనే. మాగిన తర్వాత లైన్ కోసం ఆగితే మాత్రం ప్రతి పూటా కొంత కుళ్ళి పోతుంది. ఈ రెండు ఆగడాలనూ కలిపి ఒకటే లెక్క కట్టావంటే అసలు నష్టం నీకెప్పటికీ దొరకదు. ప్రతి వరుస క్రేట్లకూ ఒక చీటీ కట్టించు: ఏ రోజు వచ్చాయి, ఏ రోజుకు మాగాయి. వచ్చిన వరుసలో కాదు, మాగిన వరుసలో లైన్‌కు పంపించు.

ఇక ట్రాక్టర్ల బారు. రైతు రాత్రంతా గేటు బయట నిద్ర లేకుండా కూచుంటాడు, కింది పొరలో కాయ నలుగుతుంది, పొద్దన్నే మీ వాళ్ళు నలిగిన కాయ అని ధర తగ్గిస్తారు. టోకెన్ ఇస్తున్నాం కదా అంటావు. మీ టోకెన్ మీద నంబరే గానీ టైము లేదు. తిరుపతిలో శ్రీనివాసం, విష్ణు నివాసం దగ్గర సర్వదర్శనానికి ఇచ్చే టోకెన్ చూడు, ఏ వేళకు రావాలో దాని మీదే ఉంటుంది. అయితే గేటు నీ చేతిలో లేదు, కొనుగోలు వాళ్ళది. దాన్ని మొదటి నెలలోనే కెలక్కు. నీ టేబుల్ సరిచేసి చూపించాక వాళ్ళే వచ్చి అడుగుతారు.

ఏదైనా ఆగినప్పుడు ‘ఎవరు?’ అని అడక్కుండా ‘ఎందుకు?’ అని అడుగు. గింజ తీసే యంత్రం రాత్రిపూట మాటిమాటికీ ట్రిప్ అవుతోందనుకో. ఎందుకు? లోడ్ ఎక్కువైంది. ఎందుకు? పచ్చికాయ లోపలికి పోయింది. ఎందుకు? ఏరేవాళ్ళ కంట పడలేదు. ఎందుకు? టేబుల్ మీద ట్యూబ్‌లైట్ పోయి చాలా రోజులైంది. మొదటి జవాబు దగ్గరే ఆగిపోతే మోటార్ మారుస్తావు, మూడో దగ్గర ఆగితే కాయ ఏరే అమ్మాయిని తిడతావు. లైట్ వేయించాక వారం రోజులు ట్రిప్పులు లెక్కపెట్టు. తగ్గకపోతే కారణం వేరే, మళ్ళీ మొదటి నుంచి అడుగు.

తోతాపురి నుంచి జామకు మారేటప్పుడు లైన్ కడగడానికి సగం షిఫ్ట్ పోతుందన్నావట. జపాన్ ఇంజనీర్ షిగియో షింగో 1969లో టొయోటాలో 1000 టన్నుల ప్రెస్ డై (రేకును ఆకారంలోకి వొత్తే అచ్చు) మార్పును 4 గంటల నుంచి 90 నిమిషాలకూ, ఆ తర్వాత 3 నిమిషాలకూ దించాడు. కిటుకు ఒకటే: యంత్రం ఆపాకే చేయాల్సిన పని ఏది, నడుస్తుండగానే చేసిపెట్టుకోదగ్గది ఏది, ఈ రెంటినీ విడదీయడం. గ్యాస్కెట్లు, క్లాంపులు, స్పానర్లు ట్రాలీలో సర్దుకోవడానికి లైన్ ఆపాల్సిన పనేముంది? కడిగే టైము మాత్రం తగ్గించకు, అది శుభ్రత లెక్క.

నగరి పవర్‌లూమ్ షెడ్ల చప్పుడు నువ్వు వినే ఉంటావు. టొయోటా కథ మొదలైంది కూడా మగ్గంతోనే. టొయోటా కుటుంబానికి మూలపురుషుడైన సకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన మగ్గం, దారం తెగితే తనంతట తానే ఆగేది. తప్పు కనపడగానే ఆగాలన్న ఆ ఆలోచనే కార్ల లైన్‌లో తాడైంది. పనివాడు తాడు లాగితే టీమ్ లీడర్ పరుగున వస్తాడు, అప్పటికప్పుడు తేలకపోతేనే లైన్ ఆగుతుంది. మీ దగ్గర తాడు కట్టడం సులువే, లాగినవాళ్ళను తిట్టకుండా ఉండటమే కష్టం. నేను పనిచేసిన చోట సలహాల పెట్టె ఒకటి ఉండేది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. నీ దగ్గర పెట్టె వద్దు. టేబుల్ దగ్గర ఆడవాళ్ళు చెప్పింది నోట్‌బుక్‌లో రాసుకో, శనివారంలోపు జవాబు చెప్పు. కుదరదనైనా సరే, మొహం మీదే చెప్పు.

ఇదంతా మొదలుపెట్టేముందే మేనేజర్ దగ్గర ఒక మాట తీసుకో. పని సులువై నలుగురు మిగిలితే ఆ నలుగురినీ ఇంటికి పంపకూడదు, వేరే పని ఇవ్వాలి. 1950లో టొయోటాలో మనుషుల్ని తీసేస్తే పెద్ద సమ్మె జరిగి, సకిచి కొడుకు, కార్ల కంపెనీ పెట్టిన కీచిరో టొయోడా అధ్యక్ష పదవి వదులుకోవాల్సి వచ్చింది. ఈ సీజన్ కూలికి వచ్చే ఆడవాళ్ళు సమ్మె చేయరు, ఊరికే నోరు మూసుకుంటారు. మేనేజర్ ఆ మాట ఇవ్వకపోతే ఈ ఏడాది లైట్ వేయించి, చీటీలు కట్టించి అంతటితో ఆపు. లీన్ పేరే ఎత్తకు.

ఇట్లు,
మీ మామ