కొలోన్ కెథడ్రల్‌ను బాంబులు వదిలేశాయా?

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటి జర్మనీలోని కొలోన్ నగరం ఫోటో ఒకటి ఈ మధ్య చూశాను. చుట్టూ మొండి గోడలు తప్ప ఏమీ మిగల్లేదు, నడుమ జంట శిఖరాల కెథడ్రల్ (పెద్ద చర్చి) మాత్రం నిలబడి ఉంది. విమాన చోదకులు దారి గుర్తుగా ఉంటుందని దాన్ని కావాలనే వదిలేశారని విన్నాను. నిజమేనా?

జవాబు: వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. ఆ కెథడ్రల్ మీద 14 భారీ బాంబులు పడ్డాయి. లోపలి రాతి కమాను కప్పులు చాలాచోట్ల కూలిపోయాయి. దూరం నుంచో పైనుంచో తీసిన ఫోటోల్లో ఈ గాయాలేవీ కనిపించవు.

పైగా కెథడ్రల్ ఉన్న చోటు చూడండి. పక్కనే నగరపు ప్రధాన రైల్వే స్టేషన్, ఆ వెనుకే రైన్ నది మీద హోహెన్‌జోలెర్న్ రైలు వంతెన ఉన్నాయి. రాత్రిపూట వేల అడుగుల ఎత్తు నుంచి వీటిని కొట్టి, పక్కనున్న చర్చిని తప్పించేంత గురి ఆనాటి విమానాలకు లేదు. లక్ష్యంపై దాడి చేశామని నమోదు చేసుకున్న బ్రిటిష్ విమానాల్లో మూడింట ఒక వంతు మాత్రమే దానికి 8 కిలోమీటర్ల లోపు చేరాయని 1941లో బ్రిటిష్ వారి సొంత పరిశీలనే తేల్చింది. మరుసటి ఏడాది మే 30 రాత్రి ఇదే నగరం మీదికి సుమారు వెయ్యి విమానాలను పంపారు. శిఖరాలు గుర్తుగా పనికొచ్చి ఉండవచ్చు, కానీ గుర్తుపట్టడం వేరు, గురి తప్పించడం వేరు.

మరి కూలకుండా ఎలా నిలిచింది? కొంత అదృష్టం, చాలావరకు నిర్మాణం. గోతిక్ (మధ్యయుగపు ఐరోపా చర్చిల శైలి) కట్టడంలో బరువు మోసేది గోడలు కావు, స్తంభాలూ, బయటి నుంచి వాటిని ఆనుకొని నిలిచే ఆసరా కమానులూ. గోడల స్థానంలో ఎక్కువగా గాజు కిటికీలే ఉంటాయి కాబట్టి, పేలుడు ఒత్తిడికి గాజు పగిలి గాలి బయటికి పోతుంది, అసలు చట్రం నిలుస్తుంది. విలువైన పాత రంగుటద్దాలను ముందే విప్పి భద్రపరిచారు. ఇక పైకప్పు సంగతి. 1248లో మొదలైన ఈ కట్టడం పని 16వ శతాబ్దంలో ఆగిపోయి, 1842లో తిరిగి మొదలై, 1880లో గానీ పూర్తి కాలేదు. అందువల్ల పైకప్పుకు పాత చర్చిల్లోలా కర్ర దూలాలు కాక ఇనుప చట్రం అమరింది. నిప్పు బాంబుల వానలో అంటుకునే కలప అక్కడ లేకపోవడం ఎంత మేలో చెప్పనక్కర్లేదు. ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, ఇక్కడ ఆలస్యమే రక్షించింది.

అయినా ఒకసారి ముప్పు అంచుదాకా వచ్చింది. 1943 నవంబరులో ఒక బాంబు వాయవ్య శిఖరం కింది ఆధార స్తంభాన్ని బద్దలు కొట్టి పెద్ద గొయ్యి చేసింది. 157 మీటర్ల శిఖరం బరువు ఆ స్తంభం మీద ఉంది మరి. ఆ ఖాళీని హడావిడిగా సుమారు 27,500 ఇటుకలతో పూడ్చారు. నల్లబడిన రాతి మధ్య ఎర్రటి అతుకు, అందం కోసం కాదు, నిలబెట్టడం కోసం.

1948లో, శంకుస్థాపన జరిగి 700 ఏళ్లు నిండిన సందర్భంగా, బాగుచేసిన తూర్పు భాగంలో ఉత్సవం జరిపారు. 1956 నాటికి చర్చి మొత్తం ఆరాధనకు తెరుచుకుంది. ఆ ఇటుక అతుకు మాత్రం దశాబ్దాలపాటు అలాగే ఉండిపోయింది. 1990లలో దాన్ని రాతితో కప్పే పని మొదలుపెట్టి 2005లో ముగించారు.