మట్టి శుభ్రం చేశారు సరే, ఎవరి కోసం?

ప్రశ్న: మా ఊరి చివర మూతపడ్డ ఫ్యాక్టరీ స్థలంలో పాదరసం కలిసిన మట్టి తీసేశారట. అక్కడ అంగన్‌వాడీ కడతామంటున్నారు. వాన వెలిశాక ఇప్పటికీ నేల మీద తెల్లటి పొర తేలుతోంది, ఒకటే టెన్షన్. ఒప్పుకోవచ్చా, సార్?
– ఒక పాఠకురాలు, బరంపురం దగ్గర, గంజాం జిల్లా

జవాబు: తొందరపడి సంతకం పెట్టకండమ్మా. శుభ్రం చేశామంటే చాలదు, ఏ వాడకానికి తగ్గట్టు చేశారో చెప్పాలి. కొడైకెనాల్‌లో 2001లో మూతపడిన థర్మామీటర్ ఫ్యాక్టరీ స్థలంలో కిలో మట్టికి 20 మిల్లీగ్రాముల పాదరసం దాకా ఉండొచ్చని హద్దు పెడితే, అది చాలా ఎక్కువని జనం ఏళ్ల తరబడి కొట్లాడారు. పెద్దవాళ్లు వచ్చిపోయే బస్టాండుకు సరిపోయిన నేల, మట్టిలో ఆడి అవే వేళ్లు నోట్లో పెట్టుకునే రెండేళ్ల పిల్లలకు సరిపోదు కదా. ఆ తెల్ల పొర ఉప్పే కావచ్చు, అయినా ల్యాబ్‌లో తేలాల్సిందే.

అలాగని ఆ నేల పనికిరాదని కాదు, లండన్‌లో 2012 ఒలింపిక్స్ పార్కు పాత ఫ్యాక్టరీల స్థలంలోనే, మట్టిని కడిగి మరీ కట్టారు. ఎంత లోతు తవ్వారు, నీళ్లు పరీక్షించారా అన్న రిపోర్టును గ్రామసభలో ఒడియాలోనూ తెలుగులోనూ చదివించండి. కలుషిత స్థలాలపై 2025లో కేంద్రం నియమాలు తెచ్చింది, వాటి ప్రకారం ఖర్చు పాడుచేసినవాళ్లదే. బోరు మాత్రం అక్కడ వేయనివ్వకండి.