ఆత్మరతి, అహంకారం, ఆత్మవ్యామోహం: ఏది సరి?

ప్రశ్న: మానసిక వైద్యశాలలో చేరినవారిలో కనిపించే నార్సిసిస్టిక్ స్వభావం (తన గొప్పదనం గురించిన ఊహల్లోనే మునిగి ఉండే తీరు) గురించి నర్సింగ్ విద్యార్థులకు తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. ఆ మాటకు ‘ఆత్మరతి’ అని ఒకచోట చూశాను. ‘అహంకారం’ అంటే చాలదా అని మా సహోద్యోగి అంటున్నారు. ‘అహంకార లక్షణాలు గల రోగులు’ అని రాయవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: వద్దండీ. ఆ నాలుగు మాటల్లో ‘అహంకారం’ సరిపోదు, ‘లక్షణాలు’ కూడా సరిపోదు.

సాంఖ్య దర్శనాన్ని అనుసరించే సాంఖ్యులకు అహంకారం ఒక తత్త్వం. మహత్తు, అంటే బుద్ధి తత్త్వం నుంచి పుట్టి, ‘నేను’ అన్న ఎరుకకు మూలమైనది. అక్కడ అది నింద కాదు. తెలుగువాళ్ల నోట మాత్రం పొగరు, బలుపు, తలబిరుసు సరసన చేరిపోయింది. కేస్ షీటులో ‘అహంకారి’ అని ఒకరు రాసిపెడితే, రాత్రి డ్యూటీకి వచ్చే నర్సు ఆ మనిషిని చూడకముందే అతని మీద ఒక అభిప్రాయంతో వార్డులో అడుగుపెడుతుంది. పైగా ఆ మాటతో సగం విషయం జారిపోతుంది. పైకి బిడియంగా, ముడుచుకుని ఉంటూ, తనకు దక్కాల్సిన గుర్తింపు దక్కలేదని లోలోపల కుమిలిపోతూ, చిన్న మాటకే నొచ్చుకునేవారిని కూడా మనోవైద్యులు ఈ కోవలోనే చూస్తారు. అలాంటివారిని అహంకారులని మనలో ఎవరూ అనరు కదా!

ఇక ఆత్మరతి. ఇది తప్పుగా పుట్టిన మాట కాదు, కాలం దాటిన మాట. నీటిలో తన నీడనే చూసుకుని మోహించి, అక్కడే కృశించిపోయిన గ్రీకు యువకుడు నార్సిసస్ కథ మీకు తెలిసే ఉంటుంది. 1898లో ఇంగ్లండు వైద్యుడు హావెలాక్ ఎల్లిస్, 1899లో జర్మన్ మనోవైద్యుడు పాల్ నేకే ఆ పేరును వైద్యంలోకి తెచ్చినప్పుడు వాళ్ల దృష్టి తన దేహం మీదే కలిగే కామం మీద ఉంది. ఆ అర్థానికి ‘రతి’ చక్కగా అతుకుతుంది. 1914లో ఫ్రాయిడ్ వ్యాసం తర్వాత ఆ భావం విస్తరించింది. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగనిర్ధారణ గ్రంథం మూడో కూర్పులో దీన్ని ఒక వ్యక్తిత్వ సమస్యగా చేర్చేనాటికి, అసలు విషయం దేహం కాదు: తన గొప్పదనం గురించిన ఊహలు, ఎదుటివారి మెప్పు కోసం తపన, వారి బాధ పట్టకపోవడం. మన ‘రతి’ మాత్రం 1899 దగ్గరే ఆగిపోయింది.

ఇంకో చిక్కుంది. గీత మూడో అధ్యాయంలో ‘యస్త్వాత్మరతిరేవ స్యాత్’ అన్న శ్లోకం చూడండి. ఆత్మలోనే ఆనందించే జ్ఞానికి అది విశేషణం. జ్ఞానిని మెచ్చుకున్న మాటను రోగికి తగిలించడానికి నాకు మనసొప్పదు.

‘ఆత్మస్తుతి’ అని కొందరు రాస్తారు. అది చేసే పనికి పేరు, మనిషి తీరుకు కాదు. భారతం కర్ణపర్వంలో ధర్మరాజును నిందించినందుకు అర్జునుడు తన ప్రాణమే తీసుకోబోతాడు. తన్ను తాను పొగుడుకోవడం చావుతో సమానం, ఆ పని చేయమంటాడు కృష్ణుడు. అర్జునుడు పొగుడుకుంటాడు. అది ఆత్మస్తుతే. అంతమాత్రాన అర్జునుడిది ఆ స్వభావం అంటామా?

నా సలహా ‘ఆత్మవ్యామోహం’. అహంకారం ‘చూపిస్తారు’, వ్యామోహంలో ‘పడతారు’, ‘చిక్కుకుంటారు’. క్రియ మారగానే మనిషి నిందితుడు కాకుండా బాధితుడవుతాడు. వైద్యానికి కావలసింది ఆ చూపే. మొదటిసారి వాడినప్పుడు పక్కనే నార్సిసిజం అని రాయండి, విద్యార్థులు తికమక పడరు.

‘లక్షణం’ సంగతి ఇంకా ముఖ్యం. జ్వర లక్షణాలు అన్నప్పుడు అది వచ్చిపోయేది. ‘లక్షణమైన పిల్ల’ అన్నప్పుడు మనిషితో ఉండేది. మామూలు మాటల్లో ఇబ్బంది లేదు కానీ, మీ పాఠంలో ఈ రెంటి తేడాయే ప్రాణం. నాలుగు రోజులుగా నిద్రలేక, ఆగకుండా మాట్లాడుతూ ‘నేనే కలెక్టర్ని, కారు పిలవండి’ అంటున్న మనిషిది మేనియా, అంటే అదుపు తప్పిన ఉద్రేక దశ కావచ్చు. మందులతో అది తగ్గుతుంది. 1998లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో, మేనియా దశలో ఉన్న బైపోలార్ రోగులు (ఉద్రేకం, కుంగుబాటు దశలుగా వచ్చే జబ్బు ఉన్నవారు) ఆత్మవ్యామోహ స్వభావం ఉన్నవారిలాగే కనిపించారు. తేరుకున్నవారిలో ఆ పోలిక లేదు. కాబట్టి వచ్చిపోయేదానికి ‘లక్షణం’, యవ్వనం నుంచీ వెంట ఉన్నదానికి ‘ధోరణి’ అని విడదీసి వాడండి. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ కూడా వ్యక్తిత్వ సమస్యలను రకరకాల పేర్లతో విడగొట్టడం చాలావరకు మానేసి, తీవ్రతనూ ధోరణులనూ చూడమంటోంది.

ఈ తేడా చూపడానికి తెలుగు క్రియ ఎంత సిద్ధంగా ఉందో గమనించారా? ‘గొప్పలు చెప్పుకుంటున్నాడు’ అంటే ఇప్పటి సంగతి. ‘గొప్పలు చెప్పుకుంటాడు’ అంటే అతని తీరు. కేస్ షీటు రాసే విద్యార్థి మొదటిది రాయాల్సినచోట రెండోది రాస్తే, మనిషి మీద శాశ్వతంగా ముద్ర వేసినట్టే. వార్డులో చూసినది ‘-తున్నాడు’తో రాయమనండి. ‘-తాడు’ రాయాలంటే, ఇంట్లోవాళ్లను అడిగి, జబ్బు చేయకముందు అతను ఎలా ఉండేవాడో తెలుసుకున్నాకే రాయమనండి.

పాఠం పేరు ‘మానసిక వైద్యశాలలో చికిత్స పొందుతున్నవారిలో ఆత్మవ్యామోహ ధోరణులు’ అని పెట్టుకోవచ్చు. కొంచెం పొడవే, అయినా ‘ఆత్మవ్యామోహ రోగులు’ అని కుదించకండి. అలా కుదిస్తే వైద్యశాలలో ఉన్న అందరిదీ అదే జబ్బన్న అర్థం వస్తుంది.